ట్యాపెట్లూ, బరాబర్ అనే మాటా

మా ఆయనకి పక్షవాతం వచ్చినప్పుడు కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఆ మిగిలిన మాట "బరాబర్". నా పేరు మిగల్లేదు, కన్నతల్లి పేరు మిగల్లేదు, దేవుడి పేరూ మిగల్లేదు. దాహం వేసినా బరాబర్, కోపం వచ్చినా బరాబర్, ఏడుపొచ్చినా బరాబర్. లోపల అన్నీ తెలుస్తూనే ఉంటాయి, నోటికొచ్చేది మాత్రం అదొక్కటే అని డాక్టరు చెప్పాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలు "పోన్లే, మంచి మాటే మిగిలింది" అన్నారు. వాళ్ల నోళ్లు పడిపోను! మనిషి మనిషంతా పోయి ఒక్క మాట మిగిలితే అందులో మంచేమిటి?

ఆ మాటే ఎందుకు మిగిలిందో నాకు తెలుసు. రోజంతా అదే అనేవారు. మావి శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగాలకని రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ అందులో సగం హిందీ. మా ఇంట్లో బరాబర్ అంటే సరిగ్గా కుదిరిందని. కూరలో ఉప్పు సరిపోతే బరాబర్. ఇంజిను చప్పుడు నచ్చితే బానెట్ మీద అరచేత్తో ఒక్కటి చరిచి, బరాబర్. బజార్లో మాత్రం బరాబర్ చెయ్యమంటే ఎగుడుదిగుడు లేకుండా చదును చెయ్యమని కూడా. రెండూ మాకు తెలిసిన అర్థాలే. ఏనాడూ తేడా రాలేదు. ఆ మాటకి ముందూ వెనకా చెప్పుకోవడానికి అప్పుడు ఆయనకి వేరే మాటలుండేవి.

ఊరి చివర మోవాలో, రోడ్డు పక్కన, ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. పాతకాలపు కార్లు బాగుచేసేవారు. జబ్బు పడేనాటికి షెడ్డులో ఉన్నది ఒకటే కారు, ఆరంగ్ వైపు ఒక దావూగారిది. ఇక్కడ ఊళ్లో భూములున్న పెద్దమనిషిని దావూ అంటారు. అది వాళ్ల నాన్న కొన్న కారు. మనవడి పెళ్లి ఊరేగింపు అందులోనే జరగాలని ఆయన పట్టుదల. ఇంజిను విప్పి, ముక్కలన్నీ ట్రేలలో పేర్చిపెట్టి ఉండగా మా ఆయన పడిపోయారు.

ఆస్పత్రి నుంచి తెచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే పని. ముద్ద పెడితే ఉమ్మేసేవారు. చేతికి వ్యాయామం చేయించడానికొచ్చిన అతన్ని విదిలించి కొట్టేవారు. "బతకాలని ఆయనకే లేకపోతే నేనేం చెయ్యనమ్మా" అని అతను రావడం మానేశాడు. బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. ఏం లాభం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అలాంటప్పుడు మా మిస్త్రీ వచ్చాడు. షెడ్డులో ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ఛత్తీస్‌గఢీ మనిషి. వరినాట్లకి ఊరెళ్తూ షెడ్డు తాళాలూ, ఒక గుడ్డమూటా నా చేతికిచ్చాడు. మూటలో ట్యాపెట్లు ఉన్నాయి. వేలెడు పొడుగు ఇనప ముక్కలు, అడుగున పుట్టగొడుగులా వెడల్పు. ఇంజిను లోపల క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంటే దానిమీద నిలబడి వాల్వుల్ని పైకి నెట్టేవి అవే. అడుగులు అరిగి గుంటలు పడ్డాయి. సాన పట్టిస్తే తప్ప ఇంజిను బిగించడానికి లేదు, కొత్తవి కొందామంటే ఎక్కడా దొరకవు.

ఆ ఇనుము చప్పుడు వినగానే మా ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగారు. ఎడమ చేత్తో ఒకటి తీసుకుని అడుగున బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు కూచున్నారు. ఆ పూట పెట్టిన అన్నం పెట్టినట్టు తిన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. దావూగారి కారు నడిస్తే ఈ మనిషి నాకు దక్కుతాడు, లేకపోతే లేదు అని నా మనసుకి గట్టిగా తోచింది. దావూగారికేమో పెళ్లి కంగారు. మీవల్ల కాకపోతే చెప్పమ్మా, నాగపూర్ తోలించుకుంటానని మర్యాదగానే అన్నారు. కాకపోవడమేమిటి, అవుతుంది అన్నాను.

మిస్త్రీ తిరిగొచ్చేదాకా ఆగుదామనే అనుకున్నాను. మా ఆయన ఆగితేగా! ట్యాపెట్టు పట్టుకుని మంచం కోడు మీద టంగుటంగున కొడుతూ "బరాబర్, బరాబర్" అని ఒకటే గోల. సాన పట్టించే పని ఆయన ఎప్పుడూ మిస్త్రీకి కూడా వదిలేవారు కాదు. తనే వెళ్లి, మిషను పక్కన స్టూలేసుకుని కూచుని, వేలు పెట్టి చూపిస్తూ చేయించుకునేవారు. సరే పదండని ఆటో పిలిచాను.

ఆ సాన షాపు తేలీబాంధా పేట అవతల. పనిచేసే పెద్దాయన పోయి, ఆయన అల్లుడు నడుపుతున్నాడు. చెడ్డవాడు కాదు. మా ఆయన్ని నేనూ ఆటో అబ్బాయీ దింపుతుంటే పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ట్యాపెట్లు వెలుతురులో తిప్పి చూశాడు.

"ఘిస్ గయా హై భయ్యా. బరాబర్ కర్ దూఁ?"

అరిగిపోయాయి, చదును చేసెయ్యనా అని.

"బరాబర్" అన్నారు మా ఆయన. అనేసి, అన్నది తనేనా అన్నట్టు ఉలిక్కిపడి తల అడ్డంగా ఊపారు. ఎడమ చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి కిందికి తిప్పి, తాబేలు వీపులా కొంచెం గూనుగా వంచి చూపించారు. "బరాబర్! బరాబర్!"

"ఏటండీ? ఏటి కావాల? నీళ్లు తాగుతారేటి?" అని సీసా అందించాను. తోసేశారు. మళ్లీ అదే చెయ్యి, అదే గూను. నోరు మాత్రం బరాబర్ అనే అంటోంది. కళ్లు బయటికి పొడుచుకొస్తున్నాయి.

ఆ అల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాచిన ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "హాఁ భయ్యా, ఏక్‌దమ్ బరాబర్. చింతా మత్ కరో." దిగులు పడొద్దని. మా ఆయన చెయ్యి లాక్కోబోయారు. అతను ప్రేమకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తిరుగుదారిలో ఆటోలో మా ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఆ స్టూలు గుర్తొచ్చిందేమో, పోగొట్టుకున్న పని గుర్తొచ్చిందేమో అనుకుని వీపు నిమిరాను.

సాన పట్టాక ట్యాపెట్లు అద్దాల్లా మెరిశాయి. మిస్త్రీ ఊరి నుంచి వచ్చి వాటిని మా ఆయనకి చూపించాడు. ఒకదాని అడుగున వేలు రాసి మా ఆయన దాన్ని నేలకేసి కొట్టారు. "బరాబర్!" అని అరిచారు. మిస్త్రీ దాన్ని ఏరుకుని తుడిచి, "సాహబ్ ఖుస్ హే, భాభీ" అన్నాడు నాతో. సారు సంతోషంగానే ఉన్నారు, చేతికే ఇంకా పట్టు రాలేదని. ఇద్దరం సంతోషపడ్డాం. ఏం సంతోషమో, మా బొంద.

ఇంజిను బిగించిన రోజు ఆయన్ని కుర్చీలో షెడ్డుకి తీసుకెళ్లాను. తాళం తిప్పగానే అంటుకుంది. మిస్త్రీ ఈల వేశాడు. చెయ్యి అందేంత దగ్గరగా కుర్చీ జరిపాను, బానెట్ మీద చరుస్తారని. చరచలేదు. తల ఒకపక్కకి వాల్చి వింటూ ఉండిపోయారు. మిస్త్రీ కారు తీసుకుని ఆరంగ్ బయల్దేరాడు. సగం దారిలోనే టకటకమని చప్పుడు మొదలై, పెరిగి పెరిగి, కారు చచ్చిపోయింది. ఒక ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని తిరిగొచ్చింది.

విప్పి చూస్తే క్యామ్‌షాఫ్ట్ మీద ఉబ్బులు ఉబ్బులుగా ఉండాల్సినవి కొరుక్కుతిన్నట్టు అరిగిపోయాయి. నూనె పోసింది నేనే, బిగించింది నేనే అని మిస్త్రీ తన తల తనే కొట్టుకుంటున్నాడు. అప్పుడు మా ఆయన ఎడమ కాలితో నేలని తన్ని, గోడ మీది అలమారు వైపు చూపించారు. అందులో ఆయన పాత మరల డబ్బా ఉంది. తెచ్చి ఒళ్లో పెట్టాను. వెతికి వెతికి ఒక ట్యాపెట్టు బయటికి తీశారు. ఎప్పుడో దాచుకున్నది, అరగనిది. మిస్త్రీ జేబులోంచి ఉక్కు స్కేలు లాక్కుని దాని అడుగున అంచు ఆనించి పెట్టారు. స్కేలు నిలవలేదు. అటూ ఇటూ ఊగింది, రెండు చివర్లా సన్నటి వెలుతురు కనిపించింది. నడుమ వెంట్రుకవాసి ఉబ్బు ఉందన్నమాట. ఆ ఉబ్బు ఉంటేనే ట్యాపెట్టు తనచుట్టూ తాను తిరుగుతూ పనిచేస్తుందని, చదునైతే ఒకేచోట కదలకుండా నిలబడి క్యామ్‌ని తినేస్తుందని మిస్త్రీ తరవాత ఎవరినో అడిగి తెలుసుకుని చెప్పాడు.

తరవాత మా ఆయన సాన పట్టించిన ట్యాపెట్టు మీద స్కేలు పెట్టారు. కదల్లేదు. ఎక్కడా చుక్క వెలుతురు లేదు.

నా మొహంలోకి చూసి, అరవకుండా, మామూలుగా, ఆరోగ్యంగా ఉన్నప్పటి గొంతుతో అన్నారు.

"బరాబర్."

జబ్బు పడ్డాక ఆ మాట అనుకున్న చోట పడింది అప్పుడే, ఇంటి అర్థంలో కాదు, బజారు అర్థంలో. సాన షాపులో ఆయన చూపించిన చెయ్యి నాకప్పుడు అర్థమైంది. అయ్యో, ఇదా మీరు చెప్పింది, ఇదా అని ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చాను. మిస్త్రీ అటు తిరిగి నిలబడ్డాడు.

దావూగారు తిట్టనైనా తిట్టలేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, కారు తోలించుకుపోయారు. తిట్టినా బాగుండేది. షెడ్డు ఖాళీ చేశాం. మా ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నారు, ఈసారి ఆ ఒక్క మాట కూడా అనకుండా. ఆయన పోయేదాకా అన్నం పెట్టినప్పుడల్లా అడిగాను, "ఉప్పు బరాబరేనాండీ?" అని. నోరు తెరిచేవారు, ముద్ద పెట్టించుకునేవారు, మూసుకునేవారు. మా ఇంట్లో ఆ మాట అనడానికి నేనొక్కదాన్నే మిగిలాను.