సాంఘికశాస్త్రంలో ఏడు హత్యలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మంచీచెడ్డా తేల్చడానికి ఎర్రసిరా పెన్ను ఒకటుంటే చాలని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళకే రాజోలులో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరునయ్యాను మరి! (పదో తరగతి పిల్లల కంటే పెద్దదానిలా కనిపించాలని ముడి ఎత్తుగా వేసుకునేదాన్ని.) ఒక శనివారం, అంతర్వేది నుంచి బస్సులో వచ్చే పదో తరగతి అమ్మాయి సాంఘికశాస్త్రం పుస్తకం మధ్యలో క్రైమ్ నవల పెట్టుకుని చదువుతూ దొరికిపోయింది. చేపల వేట ఇంటి పిల్ల, మేమంతా ‘అంతర్వేది పిల్ల’ అనేవాళ్ళం. అట్ట మీద రక్తం కారుతున్న కత్తి, లోపల ఏడు హత్యలు. హెడ్మాస్టారుగారు దాన్ని చచ్చిన ఎలకలా రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా బల్ల మీద పడేశారు.

“మీరు చదివి, ఈ వయసు పిల్లలు చదవదగిందో కాదో సోమవారం రాసివ్వండమ్మా. కాదంటే వాళ్ళ నాన్నగార్ని పిలిపించి టి.సి. ఇచ్చేద్దాం. ఇప్పటికే ఈ పుస్తకం క్లాసంతా తిరిగేసిందంట.”

ఆదివారం పొద్దున్నే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొదటి హత్యలో పదకొండు వాక్యాల కింద గీతలు గీశాను. రెండో హత్యలో నాలుగు. మూడో హత్యకి పెన్ను ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. నాలుగో హత్యకి లేచి తలుపు గడియ వేసి, దానికి బియ్యం డబ్బా అడ్డం పెట్టాను. మధ్యాహ్నం ఎవరో తలుపు తడితే కెవ్వుమన్నాను. ఇంటివారి మామ్మగారు!

“ఏంటమ్మా, తలుపు తియ్యలేదు పొద్దున్నుంచీ? జొరమా?”

“ఆయ్, కొంచెం నలతగా ఉందండి” అన్నాను. (ఆవిడ పెట్టిన మిరియాల చారు తాగుతూ అయిదో హత్య చదివాను.) తీరా హంతకుడి ముసుగు తొలగే చోట పుస్తకం అయిపోయింది. చివరి పేజీలు లేవు!

నేరం చేసినవాడికి శిక్ష పడిందో లేదో తెలియకుండా తీర్పెలా రాయను? అని నాకు నేనే సర్దిచెప్పుకుని, సోమవారం ఇంటర్వెల్లో ఆ పిల్లను పక్కకి పిలిచాను. కళ్ళు వాచి ఉన్నాయి.

“చివరి పేజీలేవి?”

“ముందే చూసేసి అందరికీ చెప్పేత్తన్నారని చింపి దాచేవండి” అంది తలొంచుకుని.

“ఇంతకీ చంపిందెవరు?”

ఆ పిల్ల తలెత్తి నావైపు అనుమానంగా చూసింది. “టీచర్‌గారండీ, మీరెవరనుకున్నారండి?”

“డాక్టరు.”

“ఆయ్, నేనూ అలాగే అనుకున్నానండి! కాదండి, వంటావిడండి. రెండో హత్యప్పుడు ఆవిడొక అబద్ధమాడిందండి, మనం చూసుకోలేదు.”

గంట కొట్టినా ఇద్దరం కదల్లేదు. ఆ రక్తం, ఆ నరకడాలు చదువుతుంటే భయం వెయ్యలేదా అని అడిగాను. “ఆ పేజీలు తిప్పేత్తావండి. అయినా రాసినాయనకి తెలీదండి, రక్తం అంతసేపు ఎర్రగా ఉండదు. మేం రోజూ చేపలు కోత్తాం కదండి. మాకు కావాల్సింది అబద్ధమెవరాడేరో కనిపెట్టడవండి. ముందు కనిపెట్టినోళ్ళకి జామకాయ.”

స్టాఫ్ రూముకి వెళ్ళి కాగితం తీశాను. “హత్యల వర్ణన అవసరానికి మించి ఉంది. చిన్న తరగతులకి వద్దు. పదో తరగతి వారు చదవవచ్చు, చదివినదాని గురించి పెద్దవాళ్ళతో మాట్లాడే వీలుంటే మరీ మంచిది. పాఠం జరిగేటప్పుడు చదవడం మాత్రం తప్పే” అని రాశాను. హెడ్మాస్టారుగారు కాగితం చదివి, పుస్తకం తిరగేశారు.

“నలభయ్యో పేజీ తర్వాత మీకు అభ్యంతరాలే లేవేంటమ్మా?”

నేను చేతిలోని ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టేశాను. ఆయన కాసేపు మీసం చాటున ఏదో ఆపుకుని, “పెద్దవాళ్ళన్నారు కదా, శనివారం ఆఖరి పిరియడు వాళ్ళతో మాట్లాడే ఆ పెద్దావిడ మీరే” అన్నారు. టి.సి. మాట మళ్ళీ ఎత్తలేదు. పుస్తకం మాత్రం సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళిపోయారు.

ఒక పిల్ల చదువు సాగాలో ఆగాలో తేల్చే పని నా చేతిలో పెట్టిన రోజది. తీర్పుకి ముందు ఆ పిల్లనే ఒక మాట అడిగాను కదా అని చాలాకాలం నన్ను నేను మెచ్చుకున్నాను. నిజానికి నేనడిగింది హంతకుడెవరో తెలుసుకోకుండా ఉండబట్టక! ఆ ఆత్రమే లేకపోతే ఏం రాసేదాన్నో తలుచుకుంటే, ఆ ఎత్తు ముడి అమ్మాయి మీద నవ్వూ వస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.