గద్వాల అవ్వ ముందు ర్యామ్ బిగించిన రోజు

ఆ రోజుల్లో నాకు జీతం ఇచ్చేది కంప్యూటర్లు బిగించడానికే అయినా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను మనసు పెట్టి చేసే పని మాత్రం భయపడడమే. అది అప్పుడప్పుడు వచ్చిపోయే భయం కాదు. టిఫిన్ డబ్బాతో పాటు గోపాల్‌పేటలో బస్సెక్కి, వనపర్తిలో నాతో పాటే దిగి, సగం ఎత్తిన షాపు షట్టరు కింద నుంచి నాకంటే ముందే లోపలికి దూరే భయం. డిగ్రీలో కంప్యూటర్లు చదివినదానివి, నీకు భయమేమిటని మీరు అడగవచ్చు. మా కాలేజీలో కంప్యూటరు మూత తీసి చూపించినవారు లేరు. లోపల ఏముంటుందో పుస్తకంలో బొమ్మ చూశాను, అంతే. (ఆ బొమ్మ కూడా నలుపు తెలుపుల్లో అచ్చవడం వల్ల ఏది వైరో ఏది దాని నీడో తెలిసేది కాదు.)

ఉన్న భయం చాలదన్నట్టు మా షాపు ఓనరన్న ఒకడు. ఏ సామాను ముట్టుకోబోయినా వెనక నుంచి "మెల్లగ... మెల్లగ..." అనేవాడు. అందుకని షాపులో పనిచేసేవాళ్లం చాటుగా ఆయన్ని మెల్లగన్న అని పిలుచుకునేవాళ్లం. నేను చేరిన రోజే ఆయన ర్యామ్ పట్టీని, అంటే కంప్యూటరు పని చేస్తున్నంతసేపూ విషయాలు గుర్తుంచుకునే ఆ చిన్న పట్టీని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చివరలా పట్టుకుని నాకు చూపించాడు. "మనిషి ఒంట్ల కరెంటుంటది చెల్లే. నువ్వు తాకితే నీకేం తెల్వదు, దీనికి తెలుస్తది. సప్పుడు జెయ్యకుంట సచ్చిపోతది. ముట్టుకునే ముందల ఇనుము ముట్టుకో, ఒంట్ల కరెంటు దిగిపోతది" అన్నాడు. అప్పటి నుంచి నేను ఇనుము కనిపిస్తే ముట్టుకోకుండా వదల్లేదు. షట్టరు, కుర్చీ కాలు, బస్సులో కడ్డీ. ఇంట్లో నేను పెనం ముట్టుకుంటుంటే మా అమ్మ నాకు ఆకలేస్తుందేమో అనుకుని రొట్టె పెట్టేది.

అలాంటి నన్ను మెల్లగన్న ఒంటరిగా గద్వాలకు పంపాడు.

గద్వాలలో చీరలు నేసే ఇల్లది. ఆ ఇంటి కోడలు చీర అంచుల డిజైన్లు గళ్ల కాగితం మీద గీసేది. కంప్యూటరు మీద గీయడం నేర్చుకుని, ఇంట్లో ఒకటి పెట్టించాలని పట్టుపట్టింది. వాళ్ల అత్తగారు, ఊరంతా అవ్వ అని పిలిచే ఆవిడ, చాలా రోజులు వద్దని చివరికి రెండు షరతుల మీద ఒప్పుకుంది. మొదటిది, ఆ పెట్టెను తన కళ్ల ముందే బిగించాలి. "మగ్గం గూడ ఇంట్లనే నిలవెడ్తరు. ఏ కట్టె ఏడ వోయిందో నేను జూడాలె" అన్నది. రెండోది, అది ఒక్కసారి సతాయించినా వాపసు పోవాలి, కోడలు మళ్లీ గళ్ల కాగితం ముందు కూర్చోవాలి. సరేనని మెల్లగన్న, నేనూ వెళ్లి వాళ్లింట్లోనే అన్నీ బిగించాం. రెండు ర్యాములకు బదులు ఒకటే దొరికింది, రెండోది వచ్చాక పెడతామన్నాం. పక్క మూత ఇంకా వేయకముందే అవ్వ కొబ్బరికాయ కొట్టింది, కుంకుమ పెట్టింది, అక్షింతలు చల్లింది. స్విచ్ వేస్తే అందంగా వెలిగింది. ఆ పూజ జరుగుతున్నంతసేపూ మెల్లగన్న వాకిట్లో ఫోనులో ఎవరితోనో వాదిస్తున్నాడు. నేనేమో అవ్వ కళ్లలోకి చూడలేక గోడమీది క్యాలెండరు చదువుతున్నాను.

రెండో ర్యామ్ వచ్చేసరికి మెల్లగన్నకు నాగర్‌కర్నూలులో ఒక బడికి చాలా కంప్యూటర్లు పెట్టే పని తగిలింది. "నువ్వే పో. ఖాళీ స్లాటుల వెట్టి ఒత్తుడే గద. పెద్ద పనేం లేదు. కానీ మెల్లగ" అన్నాడు. పెబ్బేరు దాటి, కృష్ణ మీది వంతెన దాటి, ఎర్రవల్లి దాటి గద్వాల చేరేదాకా ఆ పట్టీ ఉన్న డబ్బాను ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో కిటికీ కడ్డీ పట్టుకునే ఉన్నాను. కిందికి నదిని చూసిన గుర్తు కూడా లేదు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అవ్వ సరిగ్గా కంప్యూటరు ఎదురుగా మంచమేసుకుని కూర్చుంది. పక్క గదిలో ఆవిడ కొడుకు మగ్గం నేస్తున్న చప్పుడు. (ఆయన ఆ ఇంటి యజమాని. అయినా ఆ రోజంతా నాకు వినిపించడమే తప్ప కనిపించలేదు. భయపడేవాళ్లం ఒకరినొకరం ఇట్టే గుర్తుపడతాం.) కోడలు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి నీళ్లిస్తూ గుసగుసగా చెప్పింది.

"చెల్లే, రేపు పొద్దుగాల హైదరాబాదు నుంచి చీరలు కొనేటామె వస్తుంది. నా డిజైను తెర మీదనే జూపియ్యాలె. కొంగు పెద్దగ జేస్తే ఒక్క ర్యాముకు ఆగిపోతుంది. జర మంచిగ జేసి పెట్టు. ఇంకొకటి... అత్తమ్మ పుట్టిల్లు రాయచూరు దిక్కు. కోపమొస్తే నోట్ల కన్నడం వస్తది. కన్నడం ఇనవడ్డదంటే ఇగ ఎవ్వరేం జెప్పినా ఇనదు."

ఆ మాట వినకపోయినా నాకు సరిపోయేంత భయం ఉండింది. వెళ్లి కరెంటు తీసేసి, మూత విప్పి, కిటికీ ఊచ ముట్టుకుని, ర్యామ్ తీశాను. మళ్లీ అనుమానం వచ్చి ఊచ ముట్టుకున్నాను. బోర్డు మీద పట్టీని గుచ్చే గాడి, అదే స్లాటు, మీద దాన్ని పెట్టాక ఇంకోసారి ముట్టుకున్నాను.

"ఏంది బిడ్డా, కిటికీకి మొక్కుతున్నవా?" అన్నది అవ్వ.

"లేదవ్వా, ఒంట్ల కరెంటు..."

"నీ ఒంట్ల కరెంటా? మా ఇంట్లనే సగం పొద్దు ఉండదు."

నవ్వాలో లేదో తెలియక దగ్గాను. పట్టీని రెండు చివరలా వేళ్లు పెట్టి ఒత్తాను. ఒక చివర క్లిప్పు టక్కుమంది. రెండో చివర మాత్రం నోట్లో నోట్లో గొణిగినట్టు ఏదో శబ్దం చేసి ఊరుకుంది. ఇంకా గట్టిగా ఒత్తితే బోర్డు విరుగుతుందేమో. ఇదే చాలులే అని స్విచ్ వేశాను.

తెర వెలగలేదు. పెట్టె మాత్రం 'పీ... పీ... పీ...' అని సాగదీసి అరవడం మొదలుపెట్టింది. పక్క గదిలో మగ్గం ఆగిపోయింది. కోడలు వంటింటి గడప మీదే నిలబడిపోయింది.

"ఏనాయ్తు?" అన్నది అవ్వ.

ఏమైందని అడిగిందని అర్థమయ్యేంత కన్నడం నాకూ వచ్చు. కోడలి ముఖంలో రక్తం లేదు. చప్పున స్విచ్ ఆపేసి, "ఏం లేదవ్వా, కొత్త ర్యామ్ గద, జర అలవాటు కావాలె" అన్నాను. (అంత అబద్ధం అంత వేగంగా ఆడగలనని నాకు అప్పటిదాకా తెలియదు. భయానికి ఇలాంటి ఉపయోగాలు కూడా ఉంటాయి.)

తరువాత జరిగింది చెబుతుంటే తీరిగ్గా ఆలోచించి చేసినట్టుంటుంది గానీ, చెమటకు చున్నీ తడిసిపోతుండగా చేసిన పనులవి. కొత్త ర్యామ్ తీసేసి పాతదాంతోనే వెలిగించాను. వెలిగింది. అయితే కొత్త పట్టీయే చెడ్డదనుకుని, పాతదాన్ని తీసి దాని స్థానంలో కొత్తదాన్ని పెట్టాను. అప్పుడూ వెలిగింది. పట్టీ మంచిదే! ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. పాతదాన్ని తీసుకెళ్లి రెండో స్లాటులో పెట్టగానే మళ్లీ అదే ఏడుపు. అంటే పట్టీలు రెండూ మంచివే, రెండో స్లాటే పనిచేయడం లేదు. స్లాటు చెడిందంటే బోర్డు చెడినట్టే. బోర్డు చెడిందంటే, అవ్వ లెక్కలో, నిలబెట్టిన మగ్గాన్ని మొత్తం ఊడదీసి మూటగట్టడమే. అవ్వ రెండో షరతు అదే కదా.

వాకిట్లోకి వెళ్లి మెల్లగన్నకు ఫోన్ చేశాను. వెనక బడిపిల్లల గోల మధ్య ఆయన గొంతు సన్నగా వినిపించింది. "స్లాటు పోయిందా? నేను బిగించిననాడు మంచిగనే ఉండె గద? గట్టిగ ఒత్తినవా ఏంది? విరిగిందా? విరిగితే కంపెనోళ్లు వాపస్ దీస్కోరు చెల్లే! ఏం ముట్టుకోకు, నేను మళ్ల జేస్త" అని పెట్టేశాడు. నేను విరగ్గొట్టానా? ఆ గొణుగుడు శబ్దం బోర్డు లోపల ఏదో పగిలిన శబ్దమేనా? ఉద్యోగం పోతే మా నాయినతో ఏమని చెప్పాలో బస్సులో ఆలోచించుకుందామనుకున్నాను. కోడలు నా వెనకే వచ్చి నిలబడింది.

"బోర్డు పోయిందని అత్తమ్మ ముందల అనకు చెల్లే. ఆమెకు గదొక్క మాట చాలు" అన్నది. మనకంటే ఎక్కువ భయపడేవాళ్లు పక్కనుంటే కొంచెం ధైర్యం వస్తుందంటారు గానీ, నాకు ఆమె భయం కూడా నా భయంలోనే కలిసింది.

అయినా ముట్టుకోవద్దన్నాడు గానీ చూడొద్దనలేదు కదా. లోపలికి వచ్చి, కరెంటు వైరు పీకేసి, పెట్టెను పక్కకు పడుకోబెట్టి, ఫోను టార్చి వేసి స్లాటులోకి తొంగిచూశాను. పగులు కోసం వెతుకుతుంటే అడుగున ఏదో ఎర్రగా కనిపించింది. ఇంకా వంగాను. ఒక చివర పచ్చగా, చిన్నగా, ఇరుక్కుని ఉంది. పసుపు రాసిన బియ్యపు గింజ. సగానికి విరిగింది. చుట్టూ కుంకుమ.

బోర్డు విరగలేదని తెలియగానే ముందు నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. మరుక్షణమే అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఈ కుంకుమ ఎవరిదో ఆ ఇంట్లో ఎవర్నీ అడగనక్కర్లేదు. అవ్వా, నీ పూజ వల్లే కంప్యూటరు ఆగిందని చెప్పేది ఎవరు? చెబితే ఆ ఇంట్లో కోడలి బతుకేం కాను?

చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. కోడలిని రంగులు వేసే మెత్తని కుంచె అడిగి, స్లాటు కింద తెల్ల కాగితం పెట్టి, మంచానికీ పెట్టెకూ మధ్య నా వీపు అడ్డం పెట్టి, చప్పుడు కాకుండా ఊడ్చడం మొదలుపెట్టాను. ఎర్రటి పొడి కొంచెం కొంచెంగా రాలింది. చివరికి ఆ నూక కూడా ఎగిరి కాగితం మీద పడింది.

"ఏముంది బిడ్డా లోపల?"

"దుమ్మవ్వా."

"ఏనిదు? ఎర్రగుంటదా దుమ్ము?"

ఏమిటిదని మళ్లీ కన్నడంలో అడిగిన ఆ గొంతు నా చెవి పక్కనే వినిపించింది. ఎప్పుడు మంచం దిగిందో, ఎప్పుడు నా భుజం మీదుగా వంగిందో తెలియదు. కాగితం దాచబోయాను. అవ్వ ఆ కాగితాన్ని తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టి, నూకను వేలితో కదిలించి చూసింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిది నేనేసిన అక్షింత గద?" అన్నది అవ్వ.

తలూపాను.

"మరి గానాడే జెప్పొద్దా?" అని ఒక్కసారి కసిరింది. "మగ్గానికి గూడ బొట్టు వెడ్త నేను. కట్టె మీద వెడ్త. నూలు మీద వెడ్తనా? దీంట్ల కట్టె ఏదో, నూలు ఏదో నాకెవరు జెప్పిండ్రు? ఒక్కడు బయట ఫోన్ల ఒర్లవట్టె, నువ్వు గోడదిక్కు జూడవట్టె!"

నిజమే కదా అనిపించింది. ఆ ఇంట్లో ఆవిడకు భయపడి జవాబులు చెప్పేవాళ్లే గానీ, ఏదైనా వివరించి చెప్పిన మనిషి లేడేమో.

"ఇప్పుడు జెప్పు. ఏది నూలు?" అన్నది. ఇది కసురు కాదు.

చెప్పాను. ఇది ఫ్యాను, ఇక్కడ కరెంటు వస్తుంది, ఇక్కడ లెక్క చేస్తుంది, ఈ పట్టీలేమో జ్ఞాపకం. "గింతదాంట్లనా జ్ఞాపకం?" అని అవ్వ ర్యామ్ వైపు చాలాసేపు చూసింది. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పట్టీని శుభ్రమైన స్లాటులో పెట్టి ఒత్తాను. ఈసారి బోర్డు కొంచెం వంగి కిర్రుమన్నా ఆపలేదు. టక్కు, టక్కు. రెండు చివరలూ పలికాయి. స్విచ్ వేస్తే ఒక్క పొట్టి పీప్ వచ్చి, తెర నీలంగా వెలిగింది. రెండు పట్టీల జ్ఞాపకమూ పూర్తిగా చూపించింది. కోడలు తన కొంగు డిజైను తెరిచింది. ఎక్కడా ఆగలేదు. పక్క గదిలో మగ్గం మళ్లీ కదిలింది.

సరిగ్గా అప్పుడే మెల్లగన్న ఫోను. నేను నోరు తెరిచేలోగా అవ్వ చేయి చాచింది. ఇవ్వకుండా ఉండే ధైర్యం నాకెక్కడిది?

"ఓ నాయినా, నీ పెట్టెకేం కాలే. కుంకుమ ఏసింది నేను. పిల్ల మంచిగనే జేసింది, ఏమనకు. అన్నవంటే మళ్ల నేనే ఫోన్ జేస్త. గానాడు నువ్వు ఫోన్ వక్కకు వెట్టి నాకొక్క మాట జెప్తె ఈ పరేషానే లేకుండె."

ఫోనులోంచి "మెల్లగ అవ్వా... మెల్లగ..." అని సన్నగా వినిపించింది. అంతసేపటికి కోడలు నవ్వింది. అవ్వ చూస్తుండగానే నవ్వింది.

మర్నాడు హైదరాబాదు నుంచి వచ్చినావిడకు ఆ డిజైను నచ్చిందట. కోడలు తరువాత చెప్పింది. తెర పక్కన కూర్చుని ఇది నూలు, ఇది కట్టె అని ఆ వచ్చినావిడకు అవ్వే చెప్పిందట, అదీ సగం తప్పుగా.

నేను ర్యామ్ బిగించిన రోజు సాయంత్రం ఎండ ఇంకా తగ్గకముందే గద్వాల బస్టాండుకు వచ్చి, వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని, అవి తింటూ వనపర్తి బస్సు నా ముందు నుంచే కదిలి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. పరుగెత్తాలనిపించలేదు. ఇంకొకటి వస్తుందిలే అనుకున్నాను, అంత పెద్ద మాట నాలోంచి రావడం అదే మొదలు. ఆ తరువాత ఎన్ని బోర్డులు విప్పానో, ఎన్ని స్లాటులు ఊడ్చానో లెక్కలేదు. ఇప్పటికీ గద్వాల వెళ్తే ఆ బస్టాండులో ఆనాటి నేను, చున్నీ ఇంకా ఆరని ఆ పిల్ల, బజ్జీ కొరుకుతూ నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. వెనక నుంచి వెళ్లి భుజం మీద చేయి వేయాలనిపిస్తుంది. కానీ వేయను. ఉలిక్కిపడి బజ్జీ కింద పడేసుకుంటుంది, పాపం.