ఇంకొక్క గరిటె

మా రాజోలు వంటమేస్త్రి గారు పెళ్ళిళ్ళలో పులుసు మాత్రం తానే వడ్డించేవారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఆగేవారు కాదు. “ఒక్క గరిటేనండీ, ఏం కాదు,” అంటూ వేళ్ళ సందుల్లోంచి పోసేసేవారు. మొదటిసారి వద్దంటే మా వైపు ఎవరూ లెక్కచెయ్యరు. అది మొహమాటమని అందరికీ తెలుసు.

తరవాత ఆయన చైనా వెళ్ళారు. పాత కోటగోడల షియాన్ నగరంలో, చూడవచ్చిన యాత్రికులకి అక్కడి నూడుల్సూ మన బిర్యానీ కూడా పెట్టే హోటల్లో పని. వద్దన్న దొరలకి కొసరి కొసరి వడ్డించి, మొదట్లో యజమాని చేత చీవాట్లు తిన్నారట.

“అక్కడ వద్దంటే వద్దనేనండీ. అలవాటు చేసుకున్నాను,” అన్నారు, నిరుడు తిరిగొచ్చి నన్ను భోజనానికి పిలిచినప్పుడు.

ఆ రోజు చేపల పులుసు చాలా బాగా కుదిరింది. రెండోసారి గిన్నె తెచ్చారు. నేను మర్యాదకి “వద్దండీ” అన్నాను.

“ఆయ్,” అని గిన్నె లోపలికి పట్టుకెళ్ళిపోయారు.

కంచంలో తెల్లన్నం అలాగే ఉంది. కాసేపటికి మజ్జిగ తెచ్చారు. ఆయన అడగకముందే పొయ్యమన్నాను.