నాయన చేతిలో నా వైరు బుట్ట

నిన్న పుంగనూరు బస్సులో ఒకామె ఒడిలో ఎరుపు, పచ్చ రంగుల వైరు బుట్ట కనబడింది. మన ఈడువాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఉండేది, గుర్తుందా? కొత్త వైరుకు అదొక వాసన. ముడులు బిగించి బిగించి వేళ్లు కందిపోయేవి.

చిన్నప్పుడు మా అక్క దగ్గర నేర్చుకుని నేనూ ఒకటి అల్లాను. అమ్మానాయనలు దాన్ని సోమల సంతకు తీసుకుపోవాలని నా ఆశ. నాయన చూసి నవ్వాడు.

"ఆడపిల్లోల పని నీకు యాలరా? సంతకు పోయేలోపే పిడి ఊడిపోతాది."

అమ్మ మాత్రం రుబ్బురోలు పొత్రం తెచ్చి బుట్టలో పెట్టింది.

"ముందు ఎత్తి సూడు, ఆమైన మాట్లాడు."

నాయన ఎత్తాడు. వాకిలంతా తిరిగాడు. కావాలనే ఊపి ఊపి చూశాడు. ఒక్క ముడి కూడా జారలేదు. చివరికి దించేశాడు.

సంతరోజు బుట్టను తనే చేతికి తీసుకున్నాడు. నేను వెనకాలే నడిచాను. వంకాయలమ్మే ఆమె అడిగింది.

"బుట్ట బాగుండాదే అప్పా, యాడ కొన్నావు?"

"కొనేదేంది? మావోడు అల్లినాడు!" అన్నాడు నాయన.

ఆ తర్వాత సంతలో అడగనివాళ్లకు కూడా చెప్పాడు.