బెండు సిపాయికి మొహం

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగుంపావుకు మా మేనకోడలు చింతగింజల జిగురు కాచింది. పాతబడిన బుట్టకు కాగితాలు అంటించాలట. గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టిన ఆ వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి దిద్దుతున్న పరీక్ష కాగితాలు పక్కన పెట్టాను. నాకు తెలియకుండానే బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటున్నాను. జిగురు ఆరిందో లేదో చూసుకునే అలవాటు అది. దేవసహాయం గారి ఇంట్లో వచ్చింది. ఆయన పోయి చాలా కాలమైనా ఆ అలవాటు పోలేదు.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. దేవసహాయం గారు ధవళేశ్వరంలో కాలవల కచేరీలో పటాలు గీసే ఉద్యోగం చేసి విరమించారు. సన్నటి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహంలోకి తేరిపార చూసేవారు. కొత్తవాళ్ళకు అది ఇబ్బందిగా ఉండేది. ఆయన చేత పనిచేయించుకున్న దొర ఒకడు సీమకు వెళ్ళిపోతూ, విరిగిన సీసపు సిపాయిలున్న పెట్టెనూ, నెపోలియన్ యుద్ధాల గురించి రంగుల బొమ్మలున్న పుస్తకాన్నీ ఆయనకిచ్చి పోయాడు. సీసం పోతపోయడం తన వల్ల కాదని, పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండు తెచ్చి, చాకుతో చెక్కి, ఆ బొమ్మల్లో ఉన్న పటాలాలన్నిటినీ చేయడం మొదలుపెట్టారు. ఒక్కొక్క సిపాయి చిటికెనవేలంత ఉండేవాడు. చింతగింజల జిగురుతో అంటించిన చీపురుపుల్ల తుపాకీ. కోటు నీలిమందుతో వేసేవారు. తెలుపు వేయనక్కర లేదు, బెండే తెలుపు.

నేను రాజమండ్రిలో బళ్ళో చరిత్ర చెప్పేవాణ్ణి. ఆయన్ని మొదట కలిసేనాటికి నా భార్య శాంతమ్మ పోయి కొన్ని నెలలైంది. పురిటికి సామర్లకోట పుట్టింటికి వెళ్ళింది. అప్పటికి మాకు రైలు లేదు. కబురు కాలవ పడవలో వచ్చింది, నేనూ కాలవ పడవలోనే వెళ్ళాను. నేను చేరేసరికి తల్లినీ బిడ్డనూ సమాధి చేసేశారు. ఎండాకాలం, ఉంచలేకపోయామన్నారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఫోటో తీయించుకునే స్తోమత మాకు లేదు కనక ఆమె మొహం నా జ్ఞాపకంలోనే ఉండాలి. ఆ జ్ఞాపకం నెలనెలకూ పలచబడిపోతోంది. నాకు ఏడుపు కంటె ఆ భయమే ఎక్కువగా ఉండేది. ఎవరితోనూ చెప్పలేదు.

ఆ రోజుల్లో మా ప్రధానోపాధ్యాయులు, తరగతి గోడకు ఐరోపా పటం ఒకటి గీయించుకు రమ్మని నన్ను ధవళేశ్వరం పంపించారు. దేవసహాయం గారి వసారాలో వెడల్పాటి బల్ల మీద గోదావరి ఇసక పోసి ఉంది. ఇసకలో ఒక నది, నది మీద ఈనెపుల్లల వంతెన, చుట్టూ సున్నపు పొడి. వంతెన వైపు నీలికోట్ల సిపాయిలు బారులు తీరి ఉన్నారు.

"ఏంటండీ ఇవి?" అన్నాను.

"ఫ్రెంచివాళ్ళండి. రష్యా నుంచి ఇంటికి పోతున్నారు. ఆ తెల్లటిది మంచు."

"మంచేంటి, గోడకి వేద్దామని తెప్పించిన సున్నం!" అని లోపలి నుంచి వినిపించింది. ఆయన భార్య మరియమ్మ గారు. "ఏడాదై గోడ అలాగే ఉంది. సున్నమంతా ఈయన రష్యాకే సరిపోతోంది."

నాకు తెలిసిన చరిత్ర కనక వెతికాను. "నెపోలియన్ ఏడండీ?"

"ఆయన ముందే బండెక్కి వెళ్ళిపోయాడండి. మనకి మిగిలినవాళ్ళతోనే పని." నా మొహంలోకి చూసి అడిగారు. "మేష్టారూ, తమరు బళ్ళో ఎంతదాకా చెప్తారు?"

"మాస్కో తగలబడేదాకా."

"ఆ తరవాత?"

"ఆ తరవాత వాటర్లూ అండి."

"మరి మధ్యలో వీళ్ళు నడుస్తున్నారు కదండీ," అన్నారు.

పటం తయారవడానికి మూడు వారాలు పట్టింది. పటం చేతికొచ్చాక కూడా ప్రతి ఆదివారం ఆరాధన కాగానే గుడి నుంచి తిన్నగా ధవళేశ్వరం నడిచివెళ్ళడం మానలేదు.

ఆట నియమాలు ఆయన సొంతం. పచ్చీసులో కాయ చుట్టూ తిరిగి నడిమింటికి చేరితే పండింది అంటాం. ఆయన ఆ మాటనే రష్యాకు తీసుకుపోయారు. వంతెన దాటి అవతలి గట్టెక్కిన సిపాయి పండినట్టు. ఎంతమంది శత్రువుల్ని పడగొట్టావన్న లెక్క లేదు, ఎంతమంది పండారన్నదే లెక్క. వంతెన దగ్గరికొచ్చిన సిపాయి దాటాలంటే గవ్వలన్నీ ఒక్కసారే వెల్లకిలా పడాలి. పడకపోతే అక్కడే నిలబడాలి. పండినవాడు టేకుపెట్టెలోకి వెళ్ళిపోతాడు, వాణ్ణి మళ్ళీ ఏ యుద్ధానికీ తీయకూడదు. అందుకని ఆయనకు కొత్త సిపాయిలను చెక్కే పని ఎప్పుడూ ఉండేది.

"అలాగైతే సైన్యం ఎలా నిలుస్తుందండీ?" అని ఒకసారి అన్నాను.

"నిలవకపోతే మంచిదే కదండీ."

ఒకసారి పాదిరి గారు చూడ్డానికి వచ్చి గవ్వల మీద కోపపడ్డారు. "దేవసహాయం, క్రీస్తు వస్త్రానికి చీట్లు వేసిందెవరో మరిచిపోయావా?"

"చిత్తం అయ్యగారూ. వాళ్ళు ఒకరి బట్ట లాక్కోడానికి వేశారండి. నేను వీళ్ళని ఇంటికి పంపడానికి వేస్తున్నాను." పాదిరి గారు కొంచెంసేపు నిలబడి, ఎవడో ఒకడు దాటేదాకా చూసి వెళ్ళారు.

నాకు మొదట కోట్లు వేసే పని అప్పగించారు. స్పెయిన్ యుద్ధానికి ఇంగ్లీషువాళ్ళు కావలసి వచ్చారు. వాళ్ళకు ఎర్రకోటు. ఆయన చెప్పకముందే బజారులో కుంకుమ కొని, బాగా పడుతుందని నిమ్మరసంలో కలిపి ఒక పటాలానికి పూశాను. పూస్తూ ఉండగానే ఎరుపు పోయి పసుపు తేలింది. మరియమ్మ గారు చేట పక్కన పెట్టి నవ్వారు.

"ఏంటి మేష్టారూ, యుద్ధానికి పంపుతున్నారా, మంగళస్నానానికా?"

దేవసహాయం గారు నవ్వలేదు. ఒక సిపాయిని వెలుతురులో తిప్పి చూసి, "కుంకుమలో ఉన్నది పసుపే కదండీ, పులుపు తగిలితే ఊరుకుంటుందా. ఇంగిలీషువాడికి ఇంగిలీకమే వెయ్యాలి," అన్నారు. ఇంగిలీకమనే ఆ ఎర్రరాతి పొడి అమ్మే కొట్టు రాజమండ్రిలో ఎక్కడుందో చెప్పారు. శాంతమ్మ పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ మాటకే. నవ్వాక సిగ్గేసింది. ఆయన చూసి, ఇంకో సిపాయిని నా ముందుకు జరిపారు.

తరవాతి ఏడు ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి. బెండు చెక్కడం చేతి స్పర్శతో సాగేది కాని రంగులు తెలిసేవి కావు. అప్పటికి చివరి పటాలం మిగిలి ఉంది. అందరికంటె వెనక నడుస్తూ, ముందు వెళ్ళేవాళ్ళను కాపాడిన పటాలం అది. కోట్లు వేయడం అయింది. మొహాలు లేవు. ఆయన సిపాయిలందరికీ కళ్ళు, కనుబొమలు, మూతి ఉడతతోక కుంచెతో వేసేవారు. ఆ పని ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఒక ఆదివారం కుంచె నా చేతిలో పెట్టారు. "మొహాలు తమరు వెయ్యాలండి."

"నా వల్ల కాదండి. ఇంత చిన్నవాటికి మొహాలెందుకు? కోటు చూస్తే తెలియడం లేదూ?"

"కోటు చూసి ఏ పటాలమో తెలుస్తుందండి. ఇంటికెళ్ళాక గుమ్మంలో ఎవరు గుర్తుపడతారు?" చేతిలో బెండు ముక్కను తడుముతూ అన్నారు. "మా నాన్న ఆనకట్ట పనికొచ్చి జ్వరంతో పోయాడండి. నేను చంటివాణ్ణి. ఆయన మొహం నాకు తెలీదు. నాకు తెలీదు కనక ఎవరిదో ఒకటి వేస్తూ వచ్చాను. తమరికి తెలిసిన మొహాలు వెయ్యండి."

శాంతమ్మ సంగతి ఆయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎవరు చెప్పారో అడగలేదు.

వేశాను. మొదటివాళ్ళకు మా బళ్ళో పిల్లల మొహాలు వచ్చాయి. ఒకడికి కాటుకతో కళ్ళు దిద్దుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఎడమకన్ను కుడిదానికంటె కాస్త వాలింది. నేను కావాలని వాల్చలేదు. శాంతమ్మ నిద్ర ఆపుకుంటూ నాకు అన్నం వడ్డించేటప్పుడు ఆ కన్ను అలాగే వాలేది. ఆ సంగతి అంతవరకూ నాకు గుర్తే లేదు.

మరియమ్మ గారు వంగి చూశారు. "వీడికి ఆడపిల్ల కళ్ళు పెట్టారేంటి మేష్టారూ? మీసాల కింద సిగ్గుపడుతున్నాడు."

దేవసహాయం గారు చెయ్యి చాపారు. సిపాయిని అరచేతిలో పెట్టాను. కనబడకపోయినా మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. "ఉండనీ. వీణ్ణి ఆఖర్న నిలబెట్టండి. వీడు ఇల్లు చేరకుండా ఆట కట్టెయ్యను," అన్నారు.

ఆ యేడాదంతా చివరి పటాలం నడిచింది. గవ్వలు ఆయనే వేసేవారు, ఎలా పడ్డాయో నేను చెప్పేవాణ్ణి. ఎవడు దాటితే వాడి మొహం ఎలా ఉందో అడిగేవారు. నేను వర్ణించేవాణ్ణి. మనుషుల మొహాలను మాటల్లో చెప్పడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఒక్కొక్కడే దాటాడు, ఆ వాలుకన్ను సిపాయి మాత్రం వంతెన మొదట్లో నిలబడిపోయాడు. ఒక గవ్వ ఎప్పుడూ బోర్లా పడేది. అబద్ధం చెబితే ఆయనకు తెలిసే వీలు లేదు. వెల్లకిలా పడ్డాయండీ అని ఒక్కమాట అంటే సరిపోయేది. వాడు దాటాలని ఆయనకంటె నాకే ఎక్కువ ఉంది. నోటిదాకా వచ్చేది.

"పడ్డాయా మేష్టారూ?"

"లేదండి. ఒకటి బోర్లా ఉంది."

"సరే. వచ్చేవారం చూద్దాం."

వర్షాలు మొదలైన వారం ఆయనకు జ్వరం వచ్చింది. శనివారం పోయారు. ఆదివారం గుడి పక్కన సమాధి చేశాం. ఈసారి నేను మొహం చూశాను, చాలాసేపు చూశాను.

అందరూ వెళ్ళాక మరియమ్మ గారు నన్ను వసారాలోకి పిలిచారు. జల్లు కొట్టి సున్నమంతా ఇసకలో కలిసిపోయింది. వంతెన మొదట్లో వాడొక్కడే ఉన్నాడు.

"వీడొక్కడూ మిగిలాడు. ఏం చెయ్యమంటారు?"

గవ్వలు చేతిలోకి తీసుకున్నాను. వేయలేకపోయాను. మళ్ళీ ఒకటి బోర్లా పడితే ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఆమె నా చేతిలోంచి గవ్వలు తీసి కొంగున కట్టుకున్నారు. సిపాయిని రెండు వేళ్ళతో ఎత్తి, వంతెన మీదుగా మెల్లగా నడిపించి, అవతలి గట్టు మీద నిలబెట్టారు. "వానలో ఎంతసేపని నిలబడతాడు! వేసే మనిషి లేనప్పుడు గవ్వలతో పనేంటి," అన్నారు. తరవాత టేకుపెట్టె తెరిచి వాణ్ణి మిగతావాళ్ళ మధ్య పడుకోబెట్టి, "పండాడు," అని మూత వేశారు.

బెండు మా తేమకు ఎక్కువకాలం నిలవదు. కొన్నేళ్ళకు మరియమ్మ గారు కూడా పోయారు. ఆ పెట్టె ఏమైందో నేను కనుక్కోలేదు. శాంతమ్మ మొహం పూర్తిగా నాకు తిరిగి రాలేదు. ఆ కళ్ళు వచ్చాయి, వచ్చినవి మళ్ళీ పోలేదు. నా తరగతిలో మాస్కోకూ వాటర్లూకూ మధ్య రెండు రోజులు నడకే చెప్తాను. పరీక్షలో రాదు, అయినా చెప్తాను. సాయంత్రం గంట కొట్టాక గుమ్మం దగ్గర నిలబడి, ఇంటికి పోయే ప్రతి పిల్లవాడి మొహమూ చూస్తాను. వాళ్ళకు అది ఇబ్బందిగానే ఉంటుంది.

ధవళేశ్వరంలో ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. ఆ వసారాలో ఆదివారాలు ఎవరూ గవ్వలు వేయడం లేదు.