దమ్ము అందుతలేదు

మా బావ మూడుసార్లు నా దగ్గరికొచ్చి ఒకే మాట చెప్పాడు. మూడుసార్లూ నేను తప్పుగానే విన్నాను.

బీరంగూడలో నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. బావ, అంటే మా అక్క భర్త, కాజీపల్లిలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. బీడీలు మానేశానని అక్కకు చెప్పి, తోటి పనివాడి దగ్గర కొన్న, ఛార్జింగ్ పెట్టి లాగే కరెంటు సిగరెట్ జేబులో వేసుకుని తిరిగేవాడు. సర్కారు ఎప్పుడో బంద్ పెట్టిన సరుకు, అయినా దొరుకుతూనే ఉంది. ఒకరోజు దాన్ని నా బల్ల మీద పెట్టాడు.

"దమ్ము అందుతలేదు తమ్మీ, జెర సూడు."

మా దగ్గర పొగ లాగినా దమ్మే, ఊపిరైనా దమ్మే. ఎదురుగా మిషన్ ఉంది కాబట్టి నాకు పొగే వినిపించింది. అడుగున గాలి పోయే సన్నటి రంధ్రాలు జేబులోని నూగుతో మూసుకుపోయి ఉన్నాయి. బ్రష్షుతో నూగు తీసి, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి ఇచ్చాను.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. "గట్లనే ఉన్నది. దమ్ము అందుతలేదు." ఈసారి రసం నింపే డబ్బీ కూడా కొత్తది వేశాను.

మూడోసారి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. నా చేతిపనికి వంక పెడితే నేను ఊరుకోను. ఆయన ముందే నోట్లో పెట్టుకుని లాగాను. గొంతు నిండా పొగ వచ్చింది.

"మస్తు వస్తున్నది గద బావా! ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ."

బావాబామ్మర్దుల మధ్య ఎకసెక్కాలు మామూలే. గిరాకీలు నవ్వారు, బావ కూడా నవ్వాడు. నవ్వి స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. నేను ఇంకెవరిదో ఫోన్ విప్పుకుంటూ తల కూడా ఎత్తలేదు.

నెల తిరక్కుండానే ఆస్పత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు చాలావరకు పాడయ్యాయన్నారు. కంపెనీ గాలి వల్లనో, బీడీల వల్లనో, ఆ మిషన్ వల్లనో డాక్టరు తేల్చి చెప్పలేదు. బావ నాతో చెప్పుకున్నది దేని గురించో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. బావ మూడుసార్లు నా దగ్గరికొచ్చిన సంగతి అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.

ఊపిరి కసరత్తుకని ఆస్పత్రివాళ్లు మూడు గోళీలున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లాగితే గోళీలు పైకి లేవాలి. బావ కళ్లు మూసుకుని లాగాడు. ఒక్క గోళీ కూడా కదల్లేదు. డబ్బాను నా చేతికిచ్చాడు.

"గిది గూడ ఖరాబైనట్టున్నది తమ్మీ. నువ్వే సూడు."

తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా ఏ అడ్డమూ లేదు.

"అవు బావా, గాలి పోతలేదు దీంట్ల," అన్నాను. "బాగు చేస్కొని తెస్త."