ఎనిడ్ నెత్తిమీద గది

ఎనిడ్ థ్రసెల్ గోడకు మొదటి మేకు కొట్టేసరికి ఆమెకు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. అంతవరకూ బతికిన ఇళ్ళన్నీ పరాయివే. తండ్రి పాలేరు. ఏ రైతు దగ్గర పని చేస్తే ఆ రైతు ఇచ్చిన కొంపలో ఉండడం, రైతుకు కోపమొస్తే సామాను బండికెత్తడం. వానలో తడుస్తూ, బండిమీద తల్లి కుట్టుమిషనును కావలించుకుని కూర్చున్న రోజులు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. పెళ్ళయ్యాక భర్త రాన్‌తో రొట్టెల దుకాణం పైన అద్దెకు చేరింది. గోడలకు మేకులు కొట్టరాదని యజమాని మొదటిరోజే చెప్పాడు. అందుకని వాళ్ళ పెళ్ళి ఫోటో రాన్ పోయాక కూడా అల్మారాకు ఆనించే ఉంది.

మా ఊరు మార్కెట్ థార్న్‌బీలో బుధవారం సంతలో చీజ్ అమ్మి అమ్మి ఎనిడ్ నాలుగు డబ్బులు వెనకేసింది. బటర్ లేన్‌లో ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. ఇల్లు చూపించడానికి వచ్చిన సూటు కుర్రాడు, "ఈ ఇంటికొక వ్యక్తిత్వం ఉందండీ," అన్నాడు.

"అంటే నేల వాలుగా ఉందనేనా నాయనా?" అంది ఎనిడ్. అయినా కొనేసింది.

సంతకాలప్పుడు లాయరు ఒక మాట చెప్పాడు. "మీ ముందు గది పైనున్న గది మాత్రం మీది కాదండీ. పక్కింటివాళ్ళది. ఈ పాత వీధుల్లో ఇది మామూలే." నిజంగానే మామూలే. బటర్ లేన్‌లో ఎవరి వంటింటి మీద ఎవరు పడుకుంటారో దేవుడికే తెలియాలి.

ఇంట్లో చేరిన సాయంత్రమే ముందు గదిలో, దూలం కింద, సుత్తి పట్టుకుని మేకు కొట్టింది. ఫోటో తగిలించి వెనక్కి జరిగి చూసుకుని, సంతోషం పట్టలేక ఏడ్చేసింది. అప్పుడే పైనుంచి ఎవరో కొట్టినట్టు టక్ టక్ మని వినిపించింది.

పక్కింటి లడ్‌బ్రుక్ గారికి చప్పుడు చిరాకు కలిగించి ఉంటుందనుకుంది. పైకి చూసి, "క్షమించండి!" అని కేకేసింది. మర్నాడు సంజెవేళ మళ్ళీ టక్ టక్. ఈసారి అందులో కోపం ఉన్నట్టనిపించలేదు. ఎనిడ్ చీపురు తిరగేసి కర్రతో దూలాన్ని తట్టింది. ఇక అది వాళ్ళ రోజువారీ పలకరింపు అయింది. సంత నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన రోజున కూడా ఆ చప్పుడు వినందే ఆమెకు టీ దిగేది కాదు.

అయితే లడ్‌బ్రుక్ గారితో ఆ సంగతి ఎన్నడైనా ఎత్తిందా? ఎత్తలేదు. ఆయన రిటైరైన బడిపంతులు, భార్య పోయిన మనిషి. గుమ్మంలో ఎదురైతే వాన గురించి, చెత్తబుట్టల గురించి మాట్లాడుకునేవారు. మా ఊళ్ళో పక్కింటివాళ్ళను అంతకంటే ఎక్కువ అడగడం మర్యాద కాదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది గాని, అది ఇక్కడ చెప్పకూడదు.

పై గది కిటికీకి పచ్చబడిన లేసు పరదా ఒకటి వేలాడుతుండేది. "పెద్దమనిషి, ఆ పరదా ఒక్కసారి ఉతుక్కోవచ్చు కదా," అని సంతలో చేపలమ్మే మేవిస్‌తో అంది ఎనిడ్.

"అడగవే మరి! అడగందే అమ్మైనా పెట్టదు."

"ఛీ, ఎలా అడుగుతానే? బాగోదు."

రెండేళ్ళు గడిచాయి. నవంబరులో ఒక మధ్యాహ్నం లడ్‌బ్రుక్ గారు నారింజ జామ్ సీసాతో తలుపు తట్టారు. ఎనిడ్ లోపలికి పిలిచి టీ పోసింది. ఆయన కప్పును చాలాసేపు తిప్పుతూ కూర్చున్నారు.

"మిసెస్ థ్రసెల్, మీకు థాంక్స్ చెప్పాలి. మా ఆవిడ సిసిలీ పోయాక నన్ను పలకరించేవాళ్ళే లేరు. సాయంత్రాలు మీరు మీ పై గదిలోంచి నా గోడ తడతారు చూడండీ..."

"నా పై గదా?" అంది ఎనిడ్. "అది మీది కదండీ!"

"నాది కాదండీ. అది మీవైపుదని ఇల్లు కొన్నప్పుడే లాయరు చెప్పాడు."

"అయ్యో, నాకు మీదని చెప్పాడు! నేనసలు పైకెలా వెళ్తాను? మా ఇంట్లోంచి దానికి తలుపే లేదు."

లడ్‌బ్రుక్ గారు కప్పు బల్లమీద పెట్టారు. "మా ఇంట్లోంచీ లేదు," అన్నారు మెల్లిగా.

వెలుతురు పోతున్న వేళ అది. పైనుంచి టక్ టక్ మంది. రెండేళ్ళుగా తను ఎవరిని పలకరిస్తోంది?

ఆ వారమే తాపీమేస్త్రీ కెంప్‌ను పిలిచి, లడ్‌బ్రుక్ గారి మేడమీది గోడ పగలగొట్టించారు. లోపల చిన్న గది, కిటికీ, ఆ పరదా. కుర్చీ లేదు, మంచం లేదు. నేలంతా మందంగా దుమ్ము, అందులో ఒక్క అడుగుజాడ లేదు. రెండే రెండు చోట్ల దుమ్ము లేదు. ఒకటి లడ్‌బ్రుక్ గారి గోడ మీద, ఒకటి నేల మీద, సరిగ్గా ఎనిడ్ మేకు పైన. తరాలుగా తొక్కిన గడపలా ఆ రెండు చోట్లా అరిగి, నున్నగా గుంటపడి ఉంది.

"రెండేళ్ళలో అరిగింది కాదమ్మా ఇది," అన్నాడు కెంప్, తట్టాబుట్టా సర్దుకుంటూ. "రేపొస్తాను." నాలుగు రోజుల దాకా రాలేదు.

ఊరంతా ముక్కున వేలేసుకుంది. "అమ్మేసి పోవే! దెయ్యంతో కాపురమేంటే?" అని మేవిస్ సంతలో అందరూ వినేలా తిట్టింది. ఎనిడ్‌కూ భయంగానే ఉంది. కానీ ఈ ఇల్లు పోతే మళ్ళీ అద్దె గది, మళ్ళీ అల్మారాకు ఆనించిన ఫోటో.

ఆ నాలుగు రోజులూ పైనుంచి చప్పుడు లేదు. చీపురు కర్రతో తట్టినా జవాబు లేదు. తను కొన్న ఇంట్లో తనే అద్దెకున్నట్టు అనిపించింది. నాలుగో రోజు లడ్‌బ్రుక్ గారి మేడెక్కి, పగిలిన గోడ ముందు నిలబడితే అసలు సంగతి తట్టింది. అడక్కుండా లోపలికి చొరబడడం, సామానుందా లేదా అని చూడడం. తన తండ్రికి రైతులు చేసిందిదే. ఎనిడ్ సిగ్గుతో తల వంచుకుంది.

"మూసేద్దామండీ," అంది. "ఈ గది మీదీ కాదు, నాదీ కాదు. ఉంటున్నవాళ్ళది."

లడ్‌బ్రుక్ గారు వాదించలేదు. కెంప్ చివరి ఇటుకలు పెట్టేముందు, ఎనిడ్ ఉతికిన పరదాను కిటికీకి తగిలించింది. నేలమీద ఒక సుత్తి, ఒక మేకు పెట్టింది.

"అవెందుకండీ?" అన్నారు లడ్‌బ్రుక్ గారు.

"ఉండనివ్వండి. అద్దెకున్నవాళ్ళకి అవి ఎవరూ ఇవ్వరు."

ఆ సాయంత్రం ఏమీ వినపడలేదు. మర్నాడూ లేదు. మూడోనాడు లడ్‌బ్రుక్ గారు టీకి వచ్చారు. కిటికీలో వెలుతురు తగ్గింది. అప్పుడు పైన చప్పుడయింది. ఎప్పటి టక్ టక్ కాదు. ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు. అలవాటులేని చెయ్యి, ఒక దెబ్బ గురితప్పింది కూడా. గోడమీద పెళ్ళి ఫోటో వణికింది. సున్నం పొడి రాలి టీ కప్పుల్లో పడింది.

"మిసెస్ థ్రసెల్," లడ్‌బ్రుక్ గారి పెదవులు తెల్లబడ్డాయి. "మనమిద్దరం ఇక్కడే ఉన్నాం కదండీ?"

"ఉన్నామండీ." ఎనిడ్ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా కుర్చీలోంచి లేవలేదు. చప్పుడు ఆగేదాకా ఆగి, దూలం వైపు చూసి, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"వంకరగా దిగినా పర్లేదులే. ఇంక నిన్నెవరూ కదపరు."